యాడ తెగింది?

పోయిన వారం ఒక సాయంత్రం మా కోడలు నన్ను వంటింటి పక్కనున్న బల్ల ముందు కూర్చోబెట్టి ఏడో తరగతి లెక్కలు చెప్పింది. ఆమె పక్క ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. సోమవారం ఎవరో అధికారి వచ్చి, తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, ఆమె పాఠం చెప్పే తీరు చూసి మార్కులు వేస్తారట. ఇప్పుడవన్నీ ఫోన్లోనే నొక్కుతారు. పాఠం ముందే తయారు చేసుకుందా, బొమ్మలూ వస్తువులూ చూపించిందా, బోర్డు మీద రాత ఎలా ఉంది, పిల్లలు అదుపులో ఉన్నారా, ఇలా గళ్లు గళ్లుగా ఉంటాయట. మా వాడు బండల ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు, మా ఆవిడ టీవీ ముందు నుంచి లేవదు. కాబట్టి విద్యార్థి వేషం నాకు పడింది. ఏడో తరగతి నేను మొదటిసారికే పాసయిన వాణ్ణేనని, ఈ రెండోసారి చదవడం నా ఖాతాలో వేయొద్దని పాఠకులకు ముందే మనవి.

పాఠం భిన్నాల భాగహారం. ఆరును సగంతో భాగిస్తే పన్నెండు. కోడలు రంగు కాగితాలు కత్తిరించింది, మనవడి పలక మీద గీతలు గీసింది. గొంతు స్పష్టంగా ఉంది, రాత ముత్యాల్లా ఉంది. చివర్లో వేళ్లకంటిన సుద్ద దులుపుకుని, "అర్థమయిందా మామా?" అంది. "అయిందమ్మా" అన్నాను. నేను అనలేదు, నోరు దానంతటదే అంది. "అయితే ఎనిమిదిని పావుతో భాగిస్తే ఎంత?" అంది. నేను కాసేపు ఫ్యాను వంక చూసి, రెండు అన్నాను. కోడలి మొహం చిన్నబోయింది. "మరి అయిందని ఎందుకన్నారు మామా?" అంది. "అది గూడా బళ్లో నేర్చుకున్న చదువేనమ్మా" అన్నాను. నవ్వింది గానీ ఆ నవ్వు వెనక సోమవారం గుబులు కనపడుతూనే ఉంది. అప్పుడు మతికొచ్చింది మా చిన్నమ్మ. తన ఉద్యోగం అంతా కలిపి ఒక్కసారి కూడా "అర్థమయిందా" అని అడగని టీచరు ఆమె.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాదే బేతంచెర్ల హైస్కూలుకు లెక్కల టీచరుగా వచ్చి మా ఇంట్లోనే దిగింది. చిన్నాయన కడపలో ఏదో ఆఫీసులో పనిచేసేవాడు, సెలవు దొరికినప్పుడల్లా బస్సులు మారి వచ్చేవాడు. మా ఊరి సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. తెల్లవారకముందే బండలు కోసే మిషన్లు మొదలవుతాయి. రోడ్డు పక్క కాలవల్లో పాలలాగా తెల్లటి నీళ్లు పారుతుంటాయి. వేసవిలో ఆ బురద ఎండి, పొడై లేచి, చెట్ల మీదా బట్టల మీదా బువ్వకుండ మూత మీదా కూర్చుంటుంది. చిన్నమ్మ బడి నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె చీర కొంగు మీదున్నది సుద్దపొడో బండపొడో చెప్పడం ఎవరి తరమూ కాదు. మా అమ్మ మాత్రం రెండింటికీ కలిపి చెల్లెల్నే తిట్టేది.

ఆమె గొప్ప టీచరని ఆ రోజుల్లో ఎవరినైనా నమ్మించాలంటే కష్టమే. గొంతు సన్నం, మూడో బెంచీ దాటేది కాదు. రాత కోడి కెలికినట్టు ఉండేది. తరగతిలో గలభా పక్క గదికి వినపడేది. ఒక్కోసారి కొంగున చెనిక్కాయలు ముడేసుకుని బడికి వచ్చేది, మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే ఆ ముడి విప్పేది. పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే అయ్యవారు ఉండేవారు. ఆయన నడిచొస్తుంటేనే వరండాలో పిల్లలు గోడలకు అతుక్కుపోయేవారు. ఆయన గొంతూ రాతా ఎంత బాగుండేవంటే, ఇప్పటికీ నేను సంతకం చేస్తే పెద్దక్షరం ఆయన నేర్పినట్టే వస్తుంది. చూసేవాళ్లకు టీచరంటే ఆయనే.

చిన్నమ్మకు ఉన్నది ఒకే ఒక్క విద్య. బోర్డు మీద లెక్క అంతా చేసి, సుద్దముక్క కింద పెట్టి, మా వైపు తిరిగి, "ఊ, యాడ తెగింది?" అనేది. అని ఊరుకునేది. ఆమెకు ఊరుకోవడం బాగా చేతనవును. మొదటి రోజుల్లో మాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు. కిటికీ బయట లారీలు పోతూనే ఉన్నాయి. చివరికి ఆ మౌనం భరించలేక ఎవడో ఒకడు, "మూడో లైన్లో టీచర్" అన్నాడు. ఆమె మొహం పండగలా వెలిగిపోయింది. మూడో లైను నుంచి కిందికి తుడిచేసింది, పైది మాత్రం అట్లే ఉంచింది. "మూడో లైను దాకా నీ తాడు గట్టిదేనప్పా. ఈడ ముడి వేద్దాం" అంది. మొదటి నుంచి మళ్లీ చెప్పడం ఆమెకు నచ్చేది కాదు. తెగని చోట ముడి ఎందుకు అనేది.

ఆ మాట మా తాతది. కోయిలకుంట్ల దగ్గర ఆయనకు కపిల బావి ఉండేది. మోటార్లు లేని కాలం. ఎద్దులు వాలులోకి దిగుతుంటే తోలుతిత్తిలో నీళ్లు పైకి వచ్చేవి. నడుమ తాడు తెగితే తిత్తి దబ్బున బావిలో పడేది. అప్పుడు తాత అడిగే మాట ఒక్కటే, "యాడ తెగింది?" తాడు ఎవరు పేనారు, ఎద్దుల్ని ఎవరు అదిలించారు అనే పంచాయితీ తర్వాత. చోటు తెలిస్తే అక్కడ ముడేసి ఎద్దుల్ని కడతారు, పొద్దు గుంకేలోగా మడి తడవాలి గదా. చిన్నమ్మ ఆ గట్టు మీద ఆడుకుంటూ పెరిగింది. ఒకసారి మా అమ్మ, "అదేం మాటే, బళ్లో తాళ్లు పేనిస్తాండావా?" అని ఎగతాళి చేసింది. చిన్నమ్మ రొట్టె తుంచుతూ, "అర్థమయిందా అంటే పిల్లోడు ఏం చేస్తాడక్కా, అయిందంటాడు. కాలేదంటే వాని తప్పయితాది. యాడ తెగిందంటే తప్పు తాడుది, వానిది కాదు" అంది. నేను పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటున్నాను. అప్పుడది నాకు పెద్ద మాటగా అనిపించలేదు.

మా తరగతిలో లారీ డ్రైవరు సాయిబుగారి కూతురు ఒకమ్మాయి ఉండేది. ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్లో అందరికంటే పొడుగు. మొదట్లో నోరు విప్పేది కాదు. చిన్నమ్మ వచ్చాక ఆ పిల్లకు తెగినన్ని తాళ్లు ఎవరికీ తెగలేదు. "ఆడ గాదు టీచర్, దానికి ముందే తెగింది" అని మేము చూపించిన చోటును కూడా సరిదిద్దేది. చిన్నమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. పదో తరగతి అంటే ఇంకా ప్రాణం. రాత్రి బువ్వ తినేటప్పుడు కూడా ఆ తరగతి మాటలే. పిల్లలు ఇల్లు దాటి బయటపడే తలుపు అదొక్కటే అని, ఆ తలుపు దగ్గర నిలబడే పని తనకిచ్చినారని పొంగిపోయేది.

అలాంటప్పుడు వచ్చింది తనిఖీ. కర్నూలు నుంచి పెద్ద అధికారి వస్తున్నారని తెలిసిన రోజే హెడ్మాస్టరు అందరినీ పిలిచి ఒక ఏర్పాటు చెప్పారు. అధికారి ఏం అడిగినా పిల్లలందరూ చెయ్యి ఎత్తాలి. తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. అయ్యవారు కుడిచెయ్యి ఎత్తినవాణ్ణే లేపుతారు. హెడ్మాస్టరు చెడ్డవారేం కాదు. ఎండాకాలంలో తన జేబు నుంచే మాకు కుండలు కొనిపెట్టినవారు. బడికి రెండు గదులు కావాలి, అవి ఇచ్చేది ఆ అధికారే. చిన్నమ్మ మాత్రం, "ఎడమచెయ్యి ఎత్తినోడు రేపు పరీక్షలో యా చెయ్యి ఎత్తాల సార్?" అని అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "మీరు కొత్తమ్మా, మీకు తెలీదు" అన్నారు. ఇదంతా ఇంటికొచ్చి ఆమే చెప్పింది. చెప్పి, మా తరగతికి మాత్రం ఏ చెయ్యీ నేర్పలేదు.

ఇంగ్లీషు తరగతిలో చేతులు చెరకు తోటలా లేచాయి. అందరికంటే బాగా చదివే ఒకడికి ఎడమచేతి వాటం. తెలిసి కూడా అలవాటు కొద్దీ ఎడమచెయ్యే ఎత్తాడు. అయ్యవారు లేపకపోయేసరికి వాడి అలక వారం దాకా తీరలేదు. అధికారి సంతోషంగా మా గదిలోకి వచ్చారు. చిన్నమ్మ ఋణసంఖ్యల లెక్క ఒకటి ముగించింది. ఆయన ముందుకొచ్చి, "అందరికీ అర్థమయిందా?" అన్నారు. మాకు ఆ ప్రశ్న అలవాటు తప్పింది. అందరం చిన్నమ్మ వంక చూశాం. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి తన కుడిచెయ్యి కొంచెం పైకెత్తి చూపిస్తున్నారు. చిన్నమ్మ గొంతు సవరించుకుని, "చెప్పండి, యాడ తెగింది?" అంది. లారీ డ్రైవరు కూతురు లేచింది. "మైనస్‌ను మైనస్‌తో గుణించే చోట తెగింది సార్. లేనిదాన్ని లేనిదాంతో గుణిస్తే ఉండేది యాడ్నించి వస్తాది?" అంది.

అధికారి మంచి మనిషే, నవ్వారు. "అది రూలమ్మా" అన్నారు. "రూలు తెలుసు సార్. ఎందుకో తెలీదు" అంది ఆ పిల్ల. దాంతో ఇంకో ఇద్దరు ముగ్గురికి ధైర్యం వచ్చి, తమకూ అక్కడే తెగిందని లేచారు. చిన్నమ్మ ఉత్సాహంగా సుద్దముక్క అందుకుంది. అధికారి వాచీ చూసుకుని, చాల్లెండి అని బయటికి నడిచారు. తనిఖీ రిజిస్టరులో లెక్కల గురించి రాసిన మాట మధ్యాహ్నానికే బడంతా తెలిసిపోయింది. పిల్లల్లో సందేహాలు మెండుగా ఉన్నాయి, బోధనలో స్పష్టత లేదు. వారం తిరక్కుండా పదో తరగతి లెక్కలు ఇంకొక పెద్ద అయ్యవారికి ఇచ్చి, చిన్నమ్మకు ఆరో తరగతి ఇచ్చారు. ఆరో తరగతి మా పక్క గదే. నడుమ గోడ పైకప్పు దాకా ఉండేది కాదు, ఒక గదిలో మాట ఇంకో గదిలో పడేది.

కొత్త అయ్యవారు మొదటి రోజు పాఠం ముగించి, "అర్థమయిందా?" అన్నారు. "అయింది సార్" అన్నాం, పాడినట్టుగా, అందరమూ. ఆ పాట ఎవరూ మరిచిపోలేదు. గోడ అవతల చిన్నమ్మ చెబుతున్న పాఠం ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ సాయంత్రం ఆమె రిజిస్టరు గురించి గానీ హెడ్మాస్టరు గురించి గానీ ఒక్క మాట అనలేదు. రొట్టె ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చుని, నన్ను మెల్లగా అడిగింది. "ఆ పిల్ల గూడా అయిందనిందేమిరా?" నేను తలూపాను. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. తరగతి పోయిందని ఏడవని మనిషి దానికి ఏడ్చింది. నాకు కూడా ఏడుపొచ్చింది, ఎందుకో మాత్రం ఆ వయసులో చెప్పలేకపోయాను.

కొన్నాళ్లకు ఆ పిల్లే మజ్జిగ అడిగే వంకతో చెంబు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మజ్జిగ తీసుకుంది, పోలేదు. గడప దగ్గరే నిలబడి, "టీచర్, అది ఇంగా తెగే ఉండాది" అంది. చిన్నమ్మ చెప్పులేసుకుని ఆ పిల్లను వీధిలోకి తీసుకుపోయింది. "స్టేషన్ దిక్కు పోతే ప్లస్సు. ఇప్పుడు స్టేషన్‌కు వీపు పెట్టు. అది ఒక మైనస్సు. పెట్టినావా? ఇప్పుడు వెనక్కి వెనక్కి నడువు. అది ఇంకో మైనస్సు. యా దిక్కు పోతాండావో చూసుకో" అంది. ఆ పిల్ల చెంబుతో సహా వెనక్కి నడుస్తూ నడుస్తూ, బడి నుంచి ఇంటికి పోతున్న హెడ్మాస్టరును గుద్దుకుంది. మజ్జిగ ఆయన పంచె మీద పడింది. "ఏం చేస్తాండావు పాపా?" అన్నారాయన. "మైనస్‌ను మైనస్‌తో గుణిస్తాండా సార్" అంది ఆ పిల్ల. ఆయన పంచె దులుపుకుని, తను ఒకసారి స్టేషన్ వైపు చూశారు, మళ్లీ ఆ పిల్ల పాదాల వైపు చూశారు. తడి పంచెతోనే ఇంటి దారి పట్టారు. మరుసటి రోజు నుంచి సాయంత్రాలు మా వీధిలో సగం పదో తరగతి వెనక్కి నడిచేది. లారీల వాళ్లు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయేవారు.

పదో తరగతి మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. రాసింది రాసిందే. వేసవి సెలవుల్లో బదిలీ అయింది. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగింది. ఆమెకంటే ముందే ఆమె గురించిన మాట కొత్త బడికి చేరేది. మంచామే గానీ పెద్ద క్లాసులకు పనికిరాదు అని. ఏ బళ్లోనూ పదో తరగతి ఇచ్చినట్టు నాకు తెలియదు. ఏటా జూన్‌లో టైంటేబుల్ వేసే రోజు వరకు ఆశపడేదట. లారీ డ్రైవరు కూతురు పరీక్ష పాసయి, పెళ్లయి, ఆదోని వైపు వెళ్లిందని విన్నాను. పిల్లలకు ట్యూషన్ చెబుతోందట. ఏమని అడుగుతోందో నాకు తెలియదు, ఊహించుకోవడంలో మాత్రం ఖర్చేం లేదు.

నేను బడిపంతులును కాను, బండల వ్యాపారిని. మా దగ్గరికి వచ్చే బేరగాళ్లలో చాలామంది మెరుపు చూసి బండ కొంటారు. మెరుపు పాలిష్ మిషను ఇస్తుంది, ఏ బండకైనా ఇస్తుంది. తెలిసినవాడు వేలితో కొట్టి చెవి పెడతాడు. లోపల నెర్రె ఉంటే మోత మారుతుంది. గొంతూ రాతా అదుపూ అక్కరలేదని నేను అనను, మా కోడలికి అవన్నీ ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ వెనక బెంచీ మీద కూర్చుని ఫోన్ నొక్కేవాళ్లకు టీచరు మాట వినపడినంతగా పిల్లవాడి మౌనం వినపడదు. చిన్నమ్మకు అదే వినపడేది. ఆ రోజు ఆమె తరగతిలో అన్ని తాళ్లు తెగి కనపడ్డాయంటే, అవి అంతకుముందు పిల్లలు దాచిపెట్టుకున్నవి కాబట్టే. దాన్ని ఏ గడిలో వేస్తారో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇదంతా చెబితే కోడలు చివరిదాకా విని, "ఆమెను చూడాల మామా" అంది. ఆదివారం కారేసుకుని కడపకు పోయాం. చిన్నాయన పోయాక చిన్నమ్మ అక్కడ కూతురి దగ్గరే ఉంటోంది. కొన్నేళ్లుగా మతి నిలవడం లేదు. వీధిలో ఆటోల రొద, లోపల గదిలో మంచం మీద ఆమె, తెల్లటి వాయిల్ చీరలో, చేతిలో చెనిక్కాయలతో. ఒలిచి గిన్నెలో వేస్తోంది, తినడం మరిచిపోతోంది. నన్ను చాలాసేపు చూసింది. "ఏమప్పా, టైంటేబుల్ వేసినారా?" అంది. నేనెవరినో ఆమెకు తెలియదని అర్థమైంది. "ఈ ఏడన్నా పదో తరగతి నాకిచ్చినారా?" అంది.

నా వెనక నిలబడ్డ ఆమె కూతురు, నాకు వరసకు చెల్లెలు, గొంతు తగ్గించి, "దినామూ ఇదే అడుగుతాండాది అన్నా. ఏం చెప్పాలో తెలీక మాట మారుస్తాండా" అంది. నాకు మాట మార్చబుద్ధి కాలేదు. మంచం పక్కన కూర్చుని, "ఇచ్చినారు చిన్నమ్మా. నీకే ఇచ్చినారు" అన్నాను. ఆమె గిన్నె పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. మోకాళ్ల మీద చేతులూని నిటారుగా కూర్చుని, గదిలో ఎవరున్నారో ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, చూపు మా కోడలి దగ్గర ఆపింది.

"చెప్పు పాపా, యాడ తెగింది?" అంది.

అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఏమాత్రం మారలేదు. కోడలు నా వైపు చూసింది, కిందికి చూసింది. తర్వాత మెల్లగా, నిజంగానే ఏడో తరగతి పిల్ల మాదిరి లేచి నిలబడింది. "సగంతో భాగిస్తే తగ్గాల్సింది పెరుగుతాది గదా టీచర్. చేసేది తెలుసు. ఎందుకని అడిగితే చెప్పలేకపోతాండా. ఆడ తెగింది" అంది. సోమవారం వచ్చే అధికారి ముందు చెప్పుకోలేని మాట, నా ముందు కూడా చెప్పని మాట, ఆ ముసలామె ముందు చెప్పింది. చిన్నమ్మ మొహం, ఎన్నో ఏళ్ల కింద మూడో లైను దగ్గర వెలిగినట్టే వెలిగింది.

"శానా మంచి చోట తెగింది. కూచో" అంది. "బెల్లు కొట్టేదానికి ఇంగా టైముండాది."

కోడలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. చెల్లెలూ కూర్చుంది. ఆ గంట ఎప్పుడో గడిచిపోయిందని, ఆ బడి గోడలు కూడా పడగొట్టి కొత్తవి కట్టారని నాకు తెలుసు. కానీ బెల్లు కొట్టడానికి ఇంకా టైముందని చిన్నమ్మ చెబితే, ఆ పూటకు నేను నమ్మాను.